తట్ట దించే లెక్క: కోడూరు గని నుంచి గరివిడి ఫ్యాక్టరీ దాకా



ఫ్యాక్టరీలో ఏ యంత్రం ఎక్కడ ఉండాలి, సరుకు ఏ దారిన రావాలి, ఏ దారిన పోవాలి అనే సంగతి ఇంజనీర్లది, మనకెందుకని మీరనవచ్చు. కాని ఈ విద్య మీకు కొత్తది కాదు. కళ్లం వేసేటప్పుడు మీరేం చేస్తారు? ముందు మెరక చూస్తారు. గాలివాటం చూస్తారు. బండి వచ్చే దారి చూస్తారు. కుప్ప ఒక పక్క, నూర్పు నడుమ, తూర్పారబట్టే చోటు గాలి ఆడే పక్క పెడతారు. పొల్లు కొట్టుకుపోయే దిక్కున గింజల రాశి పోయరు. గడ్డివామును పొయ్యికి దగ్గరగా వేయరు. ఇది తాతముత్తాతల నాటి అమరిక. ఫ్యాక్టరీ అమరిక అంటే ఇదే తెలివిని ఇనుముతోను, ఇటుకతోను, కరెంటుతోను చేయడం.

ఈ తెలివి ఎంత ఖరీదైనదో తెలియాలంటే దూరదేశాలు పోనక్కరలేదు. మన గరివిడి ప్రాంతపు మాంగనీసు కథ చూస్తే చాలు. గరివిడి ఇప్పుడు విజయనగరం జిల్లాలో ఉంది. 1979లో ఆ జిల్లా ఏర్పడక మునుపు ఈ చీపురుపల్లి ప్రాంతం శ్రీకాకుళం జిల్లాలోనిది. రెండు జిల్లాల రైతులూ ఇది మా కథే అనుకోవచ్చు.

మొదటి సంగతి: ఎన్నిసార్లు ఎత్తాం, ఎన్నిసార్లు దించాం

మన దేశంలో మాంగనీసు ఖనిజం తవ్వకం వ్యాపారంగా మొదలైంది ఈ నేలమీదనే. 1892లో విజయనగరం మైనింగు కంపెనీవారు కోడూరు దగ్గర తవ్వకం ప్రారంభించారు. ఆ ఏడాది వచ్చిన ఖనిజం 674 టన్నులు. 1900 నాటికి దేశం మొత్తం మీద తవ్వకం 92 వేల టన్నులకు చేరింది. గర్భాం వంటి పెద్ద గనులు ఈ చుట్టుపక్కలవే. ఫెర్మర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇక్కడి రాళ్లను పరిశీలించి ఒక జాతి శిలకు కోడూరైటు అని మన ఊరి పేరే పెట్టాడు. 1909లో భారతదేశపు మాంగనీసు మీద ఆయన రాసిన పెద్ద గ్రంథం వెలువడింది.

ఇక ఆ ఖనిజం ఎలా ప్రయాణం చేసేదో లెక్కపెట్టండి. గనిలో పలుగుతో పెళ్లగించాలి. సుత్తితో పగలగొట్టి, పనికిరాని రాయిని చేతితో ఏరెయ్యాలి. తట్టకెత్తి గట్టుమీదికి మోసి కుప్ప పోయాలి. కుప్ప నుంచి బండి కెత్తాలి. స్టేషను దగ్గర బండి నుంచి దించాలి. మళ్లీ వేగనులోకి ఎత్తాలి. రేవులో దించాలి. రేవు నుంచి పడవలోకి, పడవ నుంచి నడిసముద్రంలో లంగరు వేసిన ఓడలోకి ఎత్తాలి. ఒకే రాయిని మనిషి ఎనిమిది తొమ్మిదిసార్లు తాకాడు. తాకిన ప్రతిసారీ కూలి ఖర్చయింది. రాయి మాత్రం రాయిగానే ఉంది. దాని విలువ ఒక్క కాణీ పెరగలేదు.

సరుకును మోసినందువల్ల ఖర్చు పెరుగుతుంది గాని సరుకు మంచిదై పోదు. అమరిక శాస్త్రానికి మొదటి సూత్రం ఇదే. వడ్లు కళ్లం నుంచి ఇంటికి, ఇంటి నుంచి మిల్లుకు, మిల్లు నుంచి బజారుకు పోయినంత మాత్రాన గింజ లావెక్కదు. పట్టినప్పుడు, ఎండబెట్టినప్పుడు, శుభ్రం చేసినప్పుడు దాని విలువ పెరుగుతుంది. తక్కినదంతా మోత. ఆ మోతను ఎంత తగ్గిస్తే అంత లాభం.

మన ప్రాంతంలో ఆ మోత మెట్టుమెట్టుగా తగ్గింది. 1893 నుంచి 1896 లోపల బెజవాడ నుంచి కటకం దాకా తూర్పుకోస్తా రైలుమార్గం పడింది. దూరపు బండి ప్రయాణం తప్పింది. 1931లో విజయనగరం నుంచి రాయపూరుకు రైలుదారి పూర్తయింది. 1933లో విశాఖపట్నం రేవు తెరిచారు. ఓడ ఒడ్డునే నిలబడింది. నడిసముద్రంలో పడవ పని పోయింది. అంటే రైలు, రేవు అనేవి కూడా ఒక పెద్ద అమరికలోని భాగాలే.

రెండో సంగతి: ఫ్యాక్టరీ ఎక్కడ

అయినా ఇంకొక పెద్ద మోత మిగిలిపోయింది. ఉక్కు చేసేటప్పుడు అందులోని ప్రాణవాయువును తీసివేయడానికి, గంధకం వల్ల ఉక్కు పెళుసెక్కకుండా ఆపడానికి మాంగనీసు కావాలి. దానిని ఫెర్రోమాంగనీసు అనే మిశ్రలోహంగా మార్చి ఉక్కులో కలుపుతారు. ఒక టన్ను ఫెర్రోమాంగనీసుకు రమారమి రెండు నుంచి రెండున్నర టన్నుల ఖనిజం పడుతుంది. ఖనిజాన్ని ఖనిజంగానే ఓడ కెత్తితే, అందులో సగానికి పైగా చివరికి చిట్టెంగాను పొగగాను పోయే సరుకుకు కూడా మనం కిరాయి కట్టినట్లే. చెరకు గడను గడగానే మద్రాసు పంపి అక్కడ బెల్లం వండించుకునే రైతు ఉంటాడా? ఉండడు. గానుగ చెరకుతోట పక్కనే పెడతాడు. బరువు తగ్గించే పని పంట దగ్గరే జరగాలి.

మరి అరవై ఏళ్లపాటు గరివిడిలో కొలిమి ఎందుకు రాలేదు? ఖనిజం ఒక్కటే చాలదు కనుక. ఫెర్రోమాంగనీసును విద్యుత్ కొలిమిలో కరిగించడానికి టన్నుకు రమారమి రెండున్నర వేల నుంచి మూడువేల యూనిట్ల పైదాకా కరెంటు కావాలి. అంత కరెంటు మన ప్రాంతానికి మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం వచ్చాకనే అందుబాటులోకి వచ్చింది. ఆ కేంద్రం 1955లో ప్రారంభమైంది. అదే ఏడాది ఫెర్రో అల్లాయ్స్ కార్పొరేషన్ ఏర్పడింది. 1950ల చివరి భాగంలో గరివిడిలో శ్రీరామ్‌నగర్ వెలిసింది. మనవాళ్ల నోట ఆ ఫ్యాక్టరీ ‘ఫేకర్’ అయింది. ఖనిజం దగ్గర, రైలు వాకిట్లో, కరెంటు తీగ మీద. ఈ మూడూ ఒకచోట కలిసాయి. రెండో ప్రణాళిక కాలంలో భిలాయి, రూర్కెలా, దుర్గాపూరులలో ఉక్కు కర్మాగారాలు లేచాయి. వాటికి ఈ లోహం కావలసి వచ్చింది. అందువల్ల కొనేవాడు కూడా కుదిరాడు.

స్థలం ఎన్నుకోవడంలో ఇంకొక పాఠం ఉంది. ఇవాళ అనుకూలంగా ఉన్న కారణం రేపు మారవచ్చు. తరువాతి కాలంలో ఇదే చోట ఫెర్రోక్రోమ్ కూడా తయారైంది. క్రోమ్ ఖనిజం మన దగ్గరిది కాదు. ఒడిశా నుంచి రావాలి. అప్పుడు గని దగ్గరుందనే లాభం తగ్గి, కరెంటు ధర పెద్దదైంది. కరెంటు ధర పెరిగితే ఇలాంటి కొలుములు నిలవడం కష్టం. అంచేత స్థలం చూసేటప్పుడు, ఏ ఒక్క వసతి పోతే ఫ్యాక్టరీ నిలుస్తుంది, ఏది పోతే మూతపడుతుంది అని ముందే ఆలోచించాలి.

మూడో సంగతి: లోపల ఏది ఎక్కడ

ఫ్యాక్టరీ లోపలి అమరికను శాస్త్రంగా ఆలోచించినవాళ్లలో ముందు వరుసలో నిలిచింది ఒక పిండిమర చేసినవాడు. అమెరికాలో డెలావేర్ ప్రాంతపు ఆలివర్ ఇవాన్స్ 1780లలో ఒక మర కట్టాడు. అంతకుముందు కూలీలు గోధుమ బస్తాలు వీపున వేసుకొని మేడమెట్లెక్కేవారు. పిండి దించేవారు, మళ్లీ ఎక్కించేవారు. ఇవాన్స్ తోలుపట్టీకి చిన్న చిన్న డబ్బాలు కట్టి, ఏతం నీళ్లు తోడినట్టు గింజను పై అంతస్తుకు తోడించాడు. అక్కడి నుంచి అది తన బరువుతో తానే జల్లెడకు, తిరగలికి, మళ్లీ జల్లెడకు దిగుతూ వచ్చింది. ఒక్కసారి పైకెత్తితే మిగతా పని భూమి ఆకర్షణ చేసిపెట్టింది. 1790లో ఆయన దీనికి పేటెంటు పొందాడు. ఈ రోజు మన రైసుమిల్లుల్లో ధాన్యాన్ని పైకి తోడే ఎలివేటరుకు అది తాత వంటిది.

తరువాత ఆవిరియంత్రాల కాలం వచ్చింది. ఒక ఇంజను, దానినుంచి కప్పు కింద సాగిన పొడుగాటి ఇరుసు, ఆ ఇరుసు నుంచి ఒక్కొక్క యంత్రానికి దిగిన పట్టీ. పాత ఆయిలింజను మిల్లులు చూసినవారికి ఇది తెలుసు. ఆ ఏర్పాటులో యంత్రం తన పని ఉన్నచోట కాక ఇరుసు ఉన్నచోట నిలవాలి. సరుకు ఎంత వంకర నడక నడిచినా అడిగేవాడు లేడు. యంత్రానికొక మోటారు వచ్చాక ఆ కట్టు తెగింది. సరుకు దారిని ముందు గీసి, యంత్రాన్ని ఆ దారి మీద నిలిపే వీలు కలిగింది. 1913లో అమెరికాలో ఫోర్డు కంపెనీ కారు చట్రాన్ని కార్మికుల ముందునుంచి కదిలించే పద్ధతి పెట్టింది. పన్నెండున్నర గంటలు పట్టే కూర్పు మరుసటి ఏడాదికి గంటన్నరకు దిగింది.

అన్ని పనులకూ ఆ వరుస పద్ధతే సరిపోతుందనుకోకండి. అమరికలు ముఖ్యంగా మూడు తీరులు. రైసుమిల్లులో సరుకు ఒక వరుసలో నడుస్తుంది. కమ్మరికొట్టంలోను వడ్రంగి సాలలోను ఒక్కొక్క రకపు పనికి ఒక్కొక్క మూల ఉంటుంది, వచ్చిన పనిని బట్టి సరుకు మూలమూలకూ తిరుగుతుంది. మూడో తీరులో సరుకు కదలదు, మనుషులే కదిలి వస్తారు. విశాఖపట్నంలో 1948లో జలప్రవేశం చేసిన ‘జల ఉష’ ఓడ అలా కట్టినదే. ఓడ ఒకచోట నిలబడింది, పనివాళ్లు చుట్టూ చేరారు. ఆలోచించి చూస్తే మీ వరిమడి కూడా అంతే. మడి కదలదు. నారు, ఎరువు, నాగలి, ఊడ్చేవాళ్లు దాని దగ్గరికి వస్తారు.

గరివిడి తరహా కొలిమి ఫ్యాక్టరీలో ఈ సూత్రాలన్నీ ఒకచోట కనపడతాయి. ఇలాంటి ఫ్యాక్టరీ ఏదైనా సరే, ముందు ఖనిజపు ఆవరణ ఉంటుంది. మన ప్రాంతపు ఖనిజంలో భాస్వరం పాలు ఎక్కువ. పొలంలో భాస్వరం మేలు చేస్తుంది గాని ఉక్కులో అది పెళుసుతనం తెస్తుంది. అందువల్ల భాస్వరం తక్కువగా ఉన్న వేరుచోటి ఖనిజంతో పాళ్లు చూసి కలపాలి. కలపాలంటే ముందు కలవకుండా ఉంచాలి. ఏ రకానికి ఆ కుప్ప, ఏ కుప్పకు ఆ దారి. రెండు రకాల విత్తనం ఒకే కళ్లంలో నూర్చకూడదని మీకు చెప్పాలా? ఇదీ అంతే.

ఆ తరువాత పగలగొట్టడం, జల్లించడం. ఖనిజాన్ని, బొగ్గును, సున్నపురాయిని ఒక్కసారి పైకెత్తి కొలిమి పైనున్న తొట్లలో నింపుతారు. అక్కడినుంచి అవి కిందికి జారుతాయి. ఇవాన్స్ పిండిమర ఇక్కడ గుర్తుకు రావాలి. కొలిమిలోకి పెద్ద కర్బన స్తంభాలు మూడు దిగి ఉంటాయి. వాటి ద్వారా కరెంటు పోయి సరుకు కరుగుతుంది. కరిగిన లోహాన్ని కింది అంతస్తులో రంధ్రం తెరిచి వదులుతారు. చల్లారిన లోహాన్ని పగలగొట్టి, తూచి, వేగను కెత్తుతారు. ఖనిజం వచ్చే దారి, లోహం పోయే దారి, చిట్టెం పోయే దారి ఒకదానికొకటి అడ్డం రాకూడదు.

ట్రాన్స్‌ఫార్మరును కొలిమి పక్కనే ఎందుకు పెడతారో తెలుసా? కొలిమికి పోయే కరెంటు తక్కువ వోల్టేజిలో వేలాది ఆంపియర్ల ధారగా పోతుంది. ఆ రాగి దారి పొడుగైన కొద్దీ నష్టం. చెరువుకు దూరమైన మడికి మట్టికాలవలో నీళ్లు పెడితే దారిలోనే ఇంకిపోవడం మీరెరుగుదురు. కాలవ పొట్టిగా ఉంటే మడికి నీరెక్కువ.

ఇంకొకటి. కరిగిన లోహం కింద నీరు చిక్కుకుంటే ఆవిరి ఒక్కసారిగా పేలుతుంది. లోహం పోసే నేల ఎప్పుడూ పొడిగా ఉండాలి. తుపానులు తరచుగా వచ్చే మన తీరంలో వాననీటి కాలవ ఎటు వాలాలో గీయడం కూడా మనుషుల ప్రాణాలు కాపాడే పనే.

నాలుగో సంగతి: లెక్కలోకి రాని ఖర్చు

ఇంతవరకు కూలి, కిరాయి, కరెంటు అన్నాం. కాని ఖర్చు పుస్తకంలో పడని ఖర్చు ఒకటుంది. 1837లో స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో కూపర్ అనే వైద్యుడు మాంగనీసు పొడి చేసే కార్మికులలో ఒక కొత్త జబ్బును వర్ణించాడు. నడక తూలుతుంది, మాట నెమ్మదిస్తుంది, ముఖం బిగుసుకుంటుంది. దుమ్ము చాలాకాలం ఊపిరితో లోపలికి పోయి నరాలను దెబ్బతీయడమే కారణం. మన దేశంలో తవ్వకం మొదలుకావడానికి యాభై ఏళ్ల ముందే ఈ సంగతి వైద్యలోకానికి తెలుసన్నమాట.

దీనికి మందుకన్నా అమరిక మేలు. పగలగొట్టే చోటు మూసి ఉండాలి. దుమ్మును పుట్టినచోటనే పీల్చే గొట్టం ఉండాలి. తాగే నీళ్లు, అన్నం తినే చోటు, పనివాళ్ల పిల్లలు ఉండే చోటు అక్కడికి దూరంగా, గాలి వచ్చే దిక్కున ఉండాలి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో దుమ్ము, పొగ తొలగించాలని ఉంది. దెబ్బ తగిలేటంత బరువు ఏ మనిషి చేతా మోయించరాదని కూడా ఉంది. తరువాత వచ్చిన కార్మిక చట్టాల సారం కూడా అదే. కాని గోడ కట్టేసిన తరువాత చట్టం పుస్తకం తెరిస్తే ఏం లాభం? గీత గీసేనాడే తెరవాలి.

ఫ్యాక్టరీ గోడ బయటి సంగతీ అంతే. చిట్టెం ఎక్కడ పోస్తారు, పొగ ఏ ఊరిమీదికి పోతుంది, మురుగు ఏ చెరువులోకి దిగుతుంది అనేవి అమరికలోని ప్రశ్నలే. గాలివాటానికి అడ్డంగా కళ్లం వేస్తే పొరుగువాడి గింజలో మన పొల్లు పడుతుంది. ఆ పొరుగువాడు ఊరుకుంటాడా? భూమి ఇచ్చిన ఊరి రైతు కూడా ఈ ప్రశ్న అడగవచ్చు, అడగాలి. పటం తెమ్మని, మా ఊరు ఇందులో ఎక్కడుందని అడగండి. పటంలో ఊరి పేరు లేకపోతే ఆ పటం ఇంకా పూర్తికాలేదని అర్థం.

ఐదో సంగతి: మన సొంత యూనిటుకు

ఇప్పుడు మీ సంగతి. సహకార సంఘమో రైతు ఉత్పత్తిదారుల సంఘమో చిన్న ధాన్యం మిల్లు, బెల్లం యూనిటు, జీడిపప్పు యూనిటు పెట్టాలని చూస్తున్నారనుకోండి. 1961లో రిచర్డ్ మ్యూథర్ అనే అమెరికా ఇంజనీరు ఫ్యాక్టరీ అమరికకు ఒక క్రమపద్ధతిని పుస్తకంగా వెలువరించాడు. దానిని పల్లెకు తగినట్టు ఇలా చేయవచ్చు.

మొదట, యంత్రం బేరమాడక ముందే సరుకు వెంట నడవండి. బండి దిగిన దగ్గర నుంచి బస్తా కుట్టే దాకా ఏ పని తరువాత ఏ పనో వరుసగా రాయండి. ఎత్తిన ప్రతిచోటా ఒక గీత పెట్టండి.

రెండు, ఏ రెండు పనులు పక్కపక్కన ఉండాలో, ఏవి కలిసి ఉండకూడదో రాసుకోండి. బెల్లం యూనిటులో గానుగ, రసం తొట్టి, పెనం పక్కపక్కన ఉండాలి. పిప్పి పొయ్యిలోకి పోవలసినదే, కాని ఎండబెట్టిన పిప్పి కుప్ప నిప్పుకు దూరంగా, గాలి పొయ్యివైపు నుంచి రాని చోట ఉండాలి. అచ్చుపోసే చోటికి బూడిద రాకూడదు. జీడిపిక్కలు కాల్చే పొగ, పప్పు వలిచే ఆడవాళ్ల మీదికి పోకూడదు.

మూడు, నేలమీద సున్నంతో గీయండి. యంత్రం కొలతకు తడికెలో గోనెలో పరిచి చూడండి. ఖాళీ బస్తా మోస్తూ నలుగురూ ఒకసారి నడిచి చూడండి. ఎక్కడ ఇద్దరు ఎదురుపడి ఆగారో అక్కడ అమరిక తప్పింది. సున్నం గీత చెరపడానికి పైసా అక్కరలేదు. సిమెంటు దిమ్మ పగలగొట్టడానికి వేలు కావాలి.

నాలుగు, లెక్క వేయండి. ఉదాహరణకు చెబుతున్నాను: గోదాము మిల్లుకు ముప్పై మీటర్లు అనవసరంగా దూరమైతే పోనూ రానూ అరవై మీటర్లు. రోజుకు వంద బస్తాలైతే ఆరు కిలోమీటర్లు. ఏడాదిలో రెండువందల రోజులు ఆడితే పన్నెండువందల కిలోమీటర్లు. అందులో సగం దూరం నెత్తిమీద బస్తాతోనే. అంత నడక మీ హమాలీ నడిచాడు, ఖర్చు మీరు పెట్టారు, గింజ మాత్రం వడ్లగింజగానే ఉంది.

ఐదు, ఒక పక్క ఖాళీ వదలండి. రేపు ఇంకొక యంత్రం రావచ్చు, పంటే మారవచ్చు. నాలుగు వైపులా గోడ బిగించిన ఫ్యాక్టరీ ఎదిగే వీలులేక ఇరుకున పడుతుంది.

విస్తరణ కార్యకర్తలు ఇక్కడ చేయవలసిన పని ఒకటుంది. రుణం కాగితాలు, సబ్సిడీ కాగితాలు నింపేటప్పుడు యంత్రం ధరల పట్టీతోపాటు సరుకు నడిచే పటం కూడా అడగండి. అడిగితే గీస్తారు. గీస్తే తప్పులు అక్కడే కనపడతాయి.

కోడూరులో తట్టలెత్తిన ఆడవాళ్ల పేర్లు, మగవాళ్ల పేర్లు ఏ గ్రంథంలోనూ లేవు. ఎన్ని టన్నులు పోయాయో మాత్రం రాసి ఉంది. ఆ టన్నులన్నీ వాళ్ల మెడల మీదుగా పోయినవే. మీరు కట్టబోయే మిల్లులో, గానుగలో, గోదాములో మోసేది మీ ఊరివాళ్లే, ఒక్కొక్కప్పుడు మీ ఇంటివాళ్లే. ఒక ఎత్తు తగ్గితే వాళ్ల వెన్నుకు సుఖం, మీ జేబుకు లాభం. ఇటుక కొనడానికి వెళ్లే ముందు సున్నం పొట్లం ఒకటి కొనండి. కళ్లం వేసిన కంటితోనే ఫ్యాక్టరీ నేలనూ చూడండి.